జూలై ఒకటో తారీకు

ఇప్పుడు నాకు ఆరో నెల. వారం రోజులుగా తిన్న అన్నం లోపల నిలుస్తోంది. పొద్దున పళ్లు తోముకుంటే పేగులు నోట్లోకి రావడం లేదు. కూర్చుని రాయగలుగుతున్నాను గనక రాస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటుంది. ఈ ఆరు నెలల డైరీ తీసి చూస్తే చాలా రోజుల కింద ఒకటి రెండు పంక్తులే ఉన్నాయి. కొన్ని రోజుల కింద 'ఛీ' అని మాత్రమే ఉంది. అది నా కోసం రాసుకున్నది. ఇది మాత్రం నలుగురు చదవాలని రాస్తున్నాను. నలుగురి ముందు నోరు తెరిచి చెప్పలేను, అందుకని.

ముందే చెబుతున్నాను, నాకు కోపం పోలేదు. కడుపుతో ఉన్నదానికి కోపం పనికిరాదు, బిడ్డకు తగులుతుంది అని నాకు చాలామంది చెప్పారు. చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా కోపం దేనికని అడగలేదు.

జూలై

మాది పులివెందుల. మా నాయన అక్కడ ఆఫీసులో గుమాస్తా. పోయిన మాఘంలో నన్ను జమ్మలమడుగుకు ఇచ్చారు. అత్తగారింట్లో గొర్రెలున్నాయి, నాలుగెకరాల చేనుంది. మామ మందను మైలవరం దిక్కు తోలుకుపోతాడు. మా ఆయన మల్లికార్జున ప్రొద్దుటూరులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్. నేను ప్రొద్దుటూరులోనే బి.ఎడ్. చదువుతున్నాను. పెళ్లికి ముందు నేను అడిగింది ఒక్కటే. చదువు అయ్యేదాకా పిల్లలు వద్దన్నాను. "దాందేముంది, నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకోవడం అంటే ఏమిటో అడగడానికి నాకు సిగ్గేసింది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి, మొగుడి మొహం చూడకూడదు. ఆ నెలలో కడుపు నిలిస్తే కాన్పు మండుటెండల్లో వస్తుందని ఎప్పుడో పెట్టిన కట్టడి. మా రెండిళ్లలోనూ దాన్ని గట్టిగా పట్టుకుంటారు. నన్ను పులివెందుల పంపేశారు. జూలై ఒకటో తారీకు అక్కడే బయట చేరాను. డైరీలో ఆ తేదీ మీద చిన్న చుక్క పెట్టుకున్నాను, ప్రతి నెలా పెట్టుకున్నట్టే. కింద ఒక పంక్తి రాశాను.

నెల మధ్యలో కాలేజీలో రికార్డు ఇవ్వాల్సి వచ్చి ప్రొద్దుటూరు పోయాను. ఆయన కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్నారి షర్బత్ తాగించాడు. షెడ్డులో పనిచేసే స్నేహితుడి గది తాళం ఆయన జేబులో ఉంది. తాళి కట్టినవాడే, నేను కట్టించుకున్నదాన్నే. అయినా ఇద్దరం దొంగల మాదిరి, మెట్ల మీద చెప్పుల చప్పుడు కాకుండా పైకెక్కాం. సాయంత్రం బస్సుకు పులివెందుల వచ్చేశాను. ఆ రోజు డైరీలో "రికార్డు ఇచ్చాను. ఎండ" అని ఉంది.

ఆగస్టు మొదటి వారం

జమ్మలమడుగుకు తిరిగి వచ్చిన కొద్ది రోజులకే నెల తప్పింది. మెడికల్ షాపు నుంచి ఆయనే పరీక్ష చేసుకునే పట్టీ తెచ్చాడు. రెండు గీతలు చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది నవంబరులో చేయాల్సిన టీచింగ్ ప్రాక్టీసు. ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలని రెండేళ్లుగా అద్దం ముందు సాధన చేస్తున్నాను, గొంతు వణకకుండా. రెండోది "చూసుకుంటాలే" అన్న మాట. సంతోషం మూడో చోట కూడా లేదు. బాత్‌రూంలో బక్కెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని ఏడ్చాను. నేను కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేలోపే ఆయన వాళ్లమ్మకు చెప్పేశాడు.

అత్త వసారాలో సజ్జలు చెరుగుతోంది. మొహం వెలిగిపోతోంది.

"కడసారి ఎప్పుడు బయటుండింటివి మ్మీ?"

"జూలై ఒకటో తారీకు అత్తా."

"అప్పుడు మీ అమ్మింట్లో ఉంటివి గదా?"

"ఆ."

"మల్లిగాడు పులివెందులకు వచ్చింటాడా?"

"లేదు."

చేట ఆగిపోయింది. "రాలేదా? మరెట్ల?"

ఆ "మరెట్ల" అన్నప్పుడు ఆమె నా మొహంలోకి చూసిన చూపును నేను ఎన్నటికీ మరిచిపోను. పక్కనున్న మనిషి చెప్పాలి. ఆయన గోడకానుకుని నవ్వుతున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"నేను పోలేదుమా. అదే ప్రొద్దుటూరుకొచ్చింది, కాలేజి పనిమింద."

"థూ! సిగ్గు లేదంట్రా మీకు? ఒక్క నెల. ముప్పై దినాలు పట్టుకోలేకపోతిరా?" అని ఆయన్ని ఒక్క మాట అని, మిగతా అంతా నా మీదికి తిప్పింది. "వానికంటే బుద్ధి లేదు. నీకేమొచ్చింది మ్మీ? సదువుకున్నదానివి!"

తర్వాత గొంతు తగ్గించింది. వీధి వైపు చూసి తలుపు దగ్గరికి వేసింది.

"జూన్‌లో ఎప్పుడైనావు?"

"మూడో తారీకు."

"అదే చెప్పు, ఎవురడిగినా. జూలై మాట ఎత్తొద్దు. మీ అమ్మింటికి పోయేటప్పటికే నీళ్లోసుకొని పోయినావు. అంతే."

"కాన్పు నెల ఆలస్యమైతుంది గదత్తా?"

"ఆలస్యమైతే ఎవురేమంటారు? ముందైతేనే వేళ్లు మడిచి లెక్కబెడతారు."

ఇంత తెలివి. మా అత్త ఏ గొర్రె ఎప్పుడు చూడికట్టిందో, ఏ వారంలో ఈనుతుందో రాత లేకుండా చెబుతుంది, రెండు రోజులు కూడా అటూ ఇటూ కాదు. అట్లాంటి మనిషి నా దగ్గరికి వచ్చేసరికి ఒక నెలను పక్కకు తోసేసింది.

మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను.

"మీ అత్త చెప్పిందే మేలు మ్మీ. ఆషాడంలో నువ్వు నా ఇంట్లో ఉంటివి. నిన్ను కాపలా కాయలేకపోయిందని నన్నంటారు. గమ్మునుండు."

కాపలా అట. ఇరవై మూడేళ్లదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆ మాటను డైరీలో రాసి కింద రెండు గీతలు గీశాను.

మొదటి స్కాన్

మూడు రోజుల తర్వాత ప్రొద్దుటూరులో డాక్టరమ్మ దగ్గరికి పోయాం, అత్తా నేనూ ఆయనా. డాక్టరమ్మ తేదీ అడిగితే నేను నోరు తెరిచేలోపు అత్త "జూన్ మూడు మా" అంది. స్కాన్ చేసేటప్పుడు డాక్టరమ్మ మొహం మారింది. చాలాసేపు తెర వంకే చూసింది.

"జూన్ మూడు అయితే తొమ్మిది వారాలు దాటాల. ఈ పాటికి బిడ్డ కనపడాల, గుండె కొట్టుకోవాల. వట్టి సంచి మాత్రమే కనపడుతోంది. తేదీ సరిగ్గా చెప్తున్నారా?"

"సరిగ్గానే మా," అంది అత్త.

డాక్టరమ్మ నన్ను చూసింది. "అంతేనా మ్మా?"

నేను తల ఊపాను. దీనికి అత్తను అనడానికి లేదు. తల నాది.

"అయితే ఎదుగుదల ఆగిపోయిందేమో. ఇప్పుడే ఏమీ అనలేను. పది దినాలకు రాండి, మళ్లీ చూస్తాను. అప్పుడూ గుండె లేకుంటే శుభ్రం చేయాల్సి వస్తుంది."

బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు. ఎవరి దిష్టో తగిలిందంది. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది, విదిలించుకోలేదు. ఇంటికి వచ్చి ఫోన్‌లో వెతికి చదివాను. నిజంగా తొమ్మిది వారాలైతే గుండె వినపడాలి. అయిదున్నర వారాలకు సంచి తప్ప ఏమీ కనపడకపోవచ్చు. నాకు అయిదున్నర వారాలు. లోపలుండేది దాని లెక్క ప్రకారం బాగానే పెరుగుతోంది. తప్పిన లెక్క మాదే.

ఆయనకు చెప్పాను. "తారీకు తప్పు చెప్పినందుకే అట్ల కనపడింది."

"డాక్టరమ్మ మిషన్‌లో చూసింది గదా. మిషన్ అబద్ధం చెప్తాదా?"

"మిషన్‌కు తారీకు చెప్పింది మీ అమ్మ."

"ఒక నెలకేం తేడా వస్తాదిలే," అన్నాడు. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూడకుండా ఆయిలు మార్చని మనిషి.

మాత్రలు

అంతలో వాంతులు మొదలయ్యాయి. అన్నం వార్చిన వాసన, గొర్రెల దొడ్డి వాసన, తలకు రాసుకునే నూనె వాసన, ఏదీ పడలేదు. మంచినీళ్లు తాగితే మంచినీళ్లే బయటికి వచ్చేవి. లోపల చెడిపోయింది గనకే వాంతులు అని అత్త తేల్చేసింది. గొర్రె కడుపులో పిల్ల చచ్చిపోతే వెంటనే తీసేయకపోతే తల్లి కూడా పోతుంది, ఆమె కళ్లారా చూసింది. నా మీద భయంతోనే చేసింది. అది కూడా నాకు కోపమే. ద్వేషంతో చేసి ఉంటే తిట్టుకోవడం సులువుగా ఉండేది.

మూడో రోజు పొద్దున తెలిసినవాళ్ల మందుల అంగడి నుంచి కాగితంలో చుట్టిన మాత్రలు తెచ్చింది.

"పదిదినాలు చచ్చినదాన్ని కడుపులో పెట్టుకొని కూచుంటే విషం పాకుతాది మ్మీ. ఇవేసుకుంటే అదే పోతాది. నొప్పొస్తాది, ఓర్చుకో. నేనుంటా పక్కన."

"అన్నం తిన్నాక ఏసుకుంటా అత్తా."

ఆమె దొడ్డి వైపు పోయింది. నేను ఆ పొట్లం అరచేతిలో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను.

ఇది రాయడానికే ఇన్ని పేజీలు రాశాను. నాకు ఆ కడుపు వద్దు. అప్పటికి వద్దు. ఎవరితోనూ అనలేదు గాని, పట్టీ మీద గీతలు చూసిన రోజు నుంచి వద్దనే అనుకుంటున్నాను. ఇప్పుడు అది నేను అడగకుండానే చేతిలోకి వచ్చింది. నోరు విప్పాల్సిన పని లేదు. ఎవరూ నన్ను ఏమీ అనరు, పైగా జాలిపడతారు, కోడి చారు చేసి పెడతారు. నవంబరుకు నేను క్లాసులో ఉంటాను. మింగి గమ్మునుంటే చాలు, గమ్మునుండటం నాకు పుట్టినప్పటి నుంచి వచ్చిన విద్య.

అయినా మింగలేకపోయాను. బిడ్డ మీద ప్రేమ పొంగిందని అనుకోకండి, అట్లాంటిదేమీ లేదు. భయం ఉంది, ఆ మాత్రలు ఎవరిచ్చారో, ఎన్ని వేసుకోవాలో తెలియక. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. వచ్చినప్పుడు నన్ను అడగలేదు, ఉందని నిర్ణయించినప్పుడు అడగలేదు, లేదని నిర్ణయించినప్పుడూ అడగలేదు. ఇది పోవాలన్నా, ఉండాలన్నా మా అత్త చెప్పిన అబద్ధం మీదనే జరగాలా? నాకు వద్దంటే వద్దని నేనే అనాలి.

మాత్రలు, డైరీ సంచిలో వేసుకుని కాలేజీకి పోతున్నానని పక్కింటావిడకు చెప్పి బస్సెక్కాను. ప్రొద్దుటూరు చేరేలోపు ప్లాస్టిక్ కవరులో మూడుసార్లు వాంతి చేసుకున్నాను. పక్కసీటాయన లేచి వెనక్కి పోయాడు.

డాక్టరమ్మ దగ్గర టోకెను తీసుకుంటే ముప్పై ఆరు వచ్చింది. లోపల పన్నెండు నడుస్తోంది. కుర్చీలన్నీ నిండాయి. మైదుకూరు నుంచి కూతురిని తీసుకొచ్చిన ఒక పెద్దామె, బురఖా పైకి మడుచుకుని, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గిచ్చి చేతిలో పెట్టింది.

"వాసన చూడు బేటీ. ఎన్నో నెల?"

"తెలీదు."

ఆమె పకపకా నవ్వింది. "కడుపు నీది, లెక్క తెలీదా?"

"నా లెక్క వేరే, మా అత్త లెక్క వేరే."

ఆమె నవ్వడం ఆపింది. నా మొహం కాసేపు చూసి, దగ్గరికి వంగింది. "డాక్టరమ్మకు నీ లెక్క చెప్పు. లోపలుండేదానికి మీ అత్త తెలీదు గదా ఇంకా." ఆమె కూతురిది పందొమ్మిదో టోకెను. నర్సుతో ఏమో ఉర్దూలో మాట్లాడి, దాని వెంటనే వచ్చే ఇరవైని నాకు ఇప్పించింది. ఆమె పేరు అడగలేదు. ఆ రోజు అడగాలనే తోచలేదు.

లోపలికి పోయాక గొంతు పనిచేయలేదు. డాక్టరమ్మ "ఏం మ్మా, పది దినాలకు గదా రమ్మన్నాను" అంది. నేను డైరీ తీసి జూలై ఒకటో తారీకు పేజీ తెరిచి ఆమె ముందుకు తోశాను. పన్నెండేళ్లుగా రాస్తున్నాను, ఇంకొకరు నా డైరీ చూడటం అదే మొదలు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"పొద్దున పది గంటలకు అయినాను. కడుపునొప్పి. పులివెందులలో వాన," అని పైకే చదివి తలెత్తింది. "ఇది నీ రాతేనా?"

"నాదే."

"మరి ఆ దినం తల ఊపితివే?"

పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. ఆమె కాగితం విప్పి చూసింది. మొహం ఎర్రబడింది.

"ఎన్ని మింగినావు?"

"ఒక్కటీ మింగలేదు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తిట్టింది. మా అత్తను, నన్ను, మాత్రలిచ్చినవాణ్ని, తేదీలు దాచేవాళ్లందరినీ కలిపి తిట్టింది. నెలనెలా ఒకరైనా ఇట్ల వస్తారంది. నాకు ఆ తిట్లు హాయిగా ఉన్నాయి. నా తరఫున ఎవరో ఒకరు కోప్పడుతున్నారు.

ఆ తర్వాత నర్సును బయటికి పంపి అడిగింది. "నీకు కావాల్నా, వద్దా? ముందు అది చెప్పు."

ఏడుపు అప్పుడొచ్చింది. వారం రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

"వద్దనుకుంటే ఇట్లాంటి పొట్లాలతో కాదు, ఈడ నా కళ్లముందర సరిగ్గా జరగాల. పద్దెనిమిదేళ్లు దాటినదానివి, నీ సంతకం ఒక్కటే చాలు. మొగునిది, అత్తది నాకు అక్కర్లేదు. కావాలనుకుంటే వాంతులకు మందిస్తా, పది దినాలకు రా. ఈ పది దినాలు ఎవురి మాటా వినకుండా ఆలోచించుకో."

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది.

"యాడికి పోయింటివి?"

"ఆస్పత్రికి. జూలై ఒకటని చెప్పినా."

"చెప్పేస్తివా!" అని తల కొట్టుకుంది. "పరువు తీస్తివి గదమ్మీ! నీ మంచికే గదా నేను..."

"మందలో ఒక గొర్రెకు బాగలేకుంటే, దానికి నెల తప్పు చెప్పి పశువుల డాక్టరు దగ్గరికి తోలుకపోతావా అత్తా?"

ఆ ఇంట్లో నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు. గొంతు వణికింది, కాని మాట పూర్తయింది. దొడ్డిలో తడిక కడుతున్న మామ దారం వదిలేసి ఇటు చూశాడు. అత్త లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పది రోజులు

ఆ పది రోజులు నేను మంచం మీదే ఉన్నాను. పుస్తకం చేతిలో పట్టుకుంటే అక్షరాలు తిరిగేవి, లేకపోతే ఏదో ఒకటి చదువుకుని గడిపేదాన్ని. డైరీలో ఒక పేజీ నిండా 'వద్దు' అనడానికి కారణాలు రాశాను. పక్క పేజీలో 'కావాలి' అని పైన రాసి ఖాళీగా వదిలేశాను. ఆరో రోజుకు అక్కడ ఒక పంక్తి వచ్చింది. అది ఇక్కడ రాయను.

పదో రోజు ఆయనతో పోయాను, కాని లోపలికి ఒక్కదాన్నే పోయాను. డాక్టరమ్మ తెర తన వైపు తిప్పుకుని చూసి, "ఉంది, బాగుంది" అంది. "చూస్తావా?"

"ముందు చెప్తాను. తర్వాత చూస్తాను."

"చెప్పు."

"ఉంచుకుంటాను."

"ఎవురు చెప్పమన్నారు?"

"ఎవురూ చెప్పమనలేదు."

అప్పుడు తెర ఇటు తిప్పింది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, మధ్యలో ఏదో మినుకుమినుకుమంటోంది. నాకు ఆనందబాష్పాలు రాలేదు. "నీ లెక్క నువ్వు తప్పలేదే" అనిపించింది, అంతే.

బయట ఆయన లేచి నిలబడ్డాడు. ఏమైందని అడిగాడు. ఉంచుకుంటున్నానని చెప్పాను. "ఉంచుకోకుండా ఏం చేస్తావు?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ రోజు పెన్న వంతెన దాటాక ఆయన బండి మీదనే అడిగాడు.

"వద్దనుకున్నావా?"

"అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగితివా?"

బండి పక్కకు ఆపి దిగాడు. కాసేపు టైరును చూస్తూ నిలబడ్డాడు. మరుసటి రోజు నా కాలేజీకి పోయి హాజరు సంగతి, ప్రాక్టీసు వచ్చే సంవత్సరం చేయొచ్చా అన్న సంగతి కనుక్కుని వచ్చాడు. క్షమించమని అనలేదు. నేనూ ఇంకా క్షమించలేదు.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా

నిర్ణయం చేసుకుంటే ఒళ్లు మాట వింటుందనుకున్నాను. వినలేదు. రోజుకు పది పన్నెండుసార్లు వాంతి. రెండుసార్లు ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఉండేది. "అందరికీ ఉండేవే" అన్నారు వచ్చినవాళ్లంతా. నేను కావాలని తెచ్చుకున్నట్టు, కొంచెం గట్టిగా పూనుకుంటే ఆగిపోయేట్టు. జ్వరమొస్తే జబ్బంటారు, కాలు విరిగితే జబ్బంటారు. కడుపుతో ఉన్న ఆడది గుక్కెడు నీళ్లు నిలుపుకోలేక పడి ఉంటే దాన్ని శుభవార్త అంటారు.

ఒక రోజు లేచి చూస్తే దొడ్డి వాసన రాలేదు. మామ ఎవరికీ చెప్పకుండా గొర్రెల దొడ్డిని ఇంటి వెనక నుంచి చేని గట్టుకు మార్చేశాడు. అరవై గొర్రెలను, తడికలను, ఒక్కడే. ఆయన నాతో పెళ్లయినప్పటి నుంచి పది మాటలు కూడా మాట్లాడి ఉండడు. ఆ రోజు కూడా మాట్లాడలేదు.

రెండోసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా అమ్మ పులివెందుల నుంచి వచ్చింది. నా జుట్టు చిక్కు తీస్తూ, "మాత్రల సంగతి మీ అత్త చెప్పింది. నాకు తెలిసింటే..." అంది.

"తెలిసింటే ఏం చేసిందువు? గమ్మునుండు అనిందువు."

అమ్మ చేతిలో దువ్వెన ఆగింది. "నన్నూ ఎవురూ అడగలేదు మ్మీ, నువ్వు కడుపున పడినప్పుడు" అంది.

ఆ మాటతో నా కోపం కరిగిపోవాలి. ఎక్కువైంది. ఎవరూ అడగకపోతే ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి నన్నెందుకు అడగలేదు? ఆ మాటే అన్నాను. అమ్మ చిక్కు మొత్తం తీసి, గట్టిగా జడ వేసింది. ఆ రాత్రికి ఉంటానన్నది నాలుగు రోజులు ఉంది.

ఇప్పుడు

మా ఇళ్లలో ఏడో నెలలో గాజులు తొడుగుతారు. బేసి నెలలోనే చేయాలి, సరి నెలలో చేస్తే కీడంటారు. అత్త ఊరందరికీ జూన్ లెక్కే చెప్పుకుంటూ వచ్చింది. ఆ లెక్క ప్రకారం ఇప్పుడు ఏడో నెల. చుట్టాలు ఫోన్లు చేసి గాజులెప్పుడని అడుగుతున్నారు. నిజం ప్రకారం ఆరో నెల. నాలుగు రోజుల కింద అత్త నన్ను వెంటబెట్టుకుని మంచిరోజు చూపించుకోవడానికి అయ్యగారింటికి పోయింది. అరుగు మీద మాకంటే ముందు వచ్చినవాళ్లు ముగ్గురున్నారు, అందులో ఇద్దరు మా వీధివాళ్లే.

అయ్యగారు పంచాంగం తెరిచి వేలు పెట్టుకుని, "అమ్మాయికి ఎన్నో నెల?" అన్నాడు.

అత్త పక్కన వీధివాళ్లను చూసింది. ఎదురుగా గోడ మీద దేవుడి పటాలను చూసింది. డాక్టరమ్మ ముందు గడగడా చెప్పిన మనిషి ఇక్కడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఏమ్మా, ఏడో నెలేనా? అయితే ఈ వారంలోనే పెట్టుకోవాల."

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. చిన్న గొంతుతో, "నువ్వే చెప్పు మ్మీ" అంది.

ఆమె నన్ను చెప్పమన్నది నా మాటకు విలువిచ్చి కాదు. దేవుడి ముందు అబద్ధం చెప్పి గాజులు తొడిగితే ఇంటికి కీడు తగులుతుందని. డాక్టరు ముందు లేని భయం పంచాంగం ముందు వచ్చింది. అది నాకు తెలుసు. చెప్పకుండా ఆమెను అట్లాగే ఇరికించి వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"జూలై ఒకటో తారీకు కడసారి. ఇప్పుడు ఆరో నెల," అన్నాను, అరుగు చివరిదాకా వినపడేట్టు.

అయ్యగారు వేళ్లు మడుస్తూ పైకి లెక్కపెట్టాడు. మధ్యలో ఆగి కళ్లద్దాల మీదుగా చూశాడు. "జూలై అంటే... ఆషాఢం గదమ్మా?"

అరుగు మీద ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అత్త తల వంచుకుంది. నా మొహం కాలిపోతున్నట్టుంది, చెవులు గుయ్‌మంటున్నాయి.

"ఆషాఢమే," అన్నాను. "రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు.